బర్నింగ్ బ్లడ్‌లో అకైనుకి దెబ్బ ఎందుకు తగలట్లేదు, ఎలా తగిలించాలి

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు సముద్రదొంగల కథైన 'వన్ పీస్' అనే జపాన్ యానిమేని మెరీన్‌ఫోర్డ్ యుద్ధం దాకా చూశారు. పీఎస్4లో 'వన్ పీస్: బర్నింగ్ బ్లడ్' కొని తమ్ముడితో ఆడుతున్నారు. మీకు హీరో లూఫీ అన్న ఏస్ అంటే ప్రాణం. తమ్ముడేమో ఆ యుద్ధంలో ఏస్‌ని చంపిన నేవీ అడ్మిరల్ అకైనుని తీసుకుంటాడు. మీరు ఎంత కొట్టినా దెబ్బలు అతని ఒంట్లోంచి పోతున్నాయి తప్ప తగలట్లేదు. గేమ్‌లోనే లోపం ఉందా, మీకే ఆడటం రావట్లేదా, దీన్ని అమ్మేసి ఫ్రెండ్స్ చెప్పినట్టు పైరేట్ వారియర్స్ 4 కొనుక్కోవాలా అని అడిగారు.

అమ్మకండి. మీకు ఆడటం రాకపోవడం కూడా కాదు. మీరు దీన్ని మిగతా ఫైటింగ్ గేమ్‌లలాగే ఆడుతున్నారు, అంటే ముందు ఎవరు కొడితే వాళ్ల దెబ్బ తగులుతుందన్న లెక్కతో. ఈ గేమ్ ఆ లెక్క మీద నడవదు. వన్ పీస్ కథలో ఎవరు ఎవరిని తాకగలరో, ఎవరు తాకలేరో, ఆ నియమాన్నే తీసుకొచ్చి ఇక్కడ ఆట నియమంగా పెట్టారు. మీరు చూసిన ఎపిసోడ్లలోనే మీ సమస్యకి జవాబు ఉంది.

ముందు కథ సంగతి చూద్దాం, ఎందుకంటే బటన్ల కన్నా అదే ముఖ్యం. తిన్నవాళ్లకి వింత శక్తి ఇచ్చే పండ్లు, డెవిల్ ఫ్రూట్‌లు, మూడు రకాలు: పారమీసియా, జోవాన్, లోగియా. లోగియా తిన్నవాళ్ల ఒళ్లు ఒక పదార్థంగా మారిపోతుంది. ఏస్‌కి నిప్పు, అకైనుకి లావా, అవోకిజికి మంచు, కిజారుకి కాంతి, స్మోకర్‌కి పొగ, క్రొకొడైల్‌కి ఇసుక, ఎనెల్‌కి మెరుపు. మామూలు కత్తి, మామూలు గుద్దు వీళ్లని ఏమీ చేయలేవు. సబావోడి దీవుల్లో అడ్మిరల్ కిజారు దిగినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. పేరుమోసిన కొత్తతరం సముద్రదొంగలు ఒకరి తర్వాత ఒకరు మీద పడ్డా అతనికి చీమ కుట్టినట్టు కూడా లేదు. లూఫీ మనిషి జోరోని చంపబోతున్న కిజారు కాలిని ముసలి సముద్రదొంగ రేలీ వచ్చి తన కాలితో ఆపేశాడు. కాంతిని కాలితో ఆపడమేంటని అప్పుడు మనకి అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అది హకీ అని, అంటే మనోబలాన్ని దెబ్బలోకి ఎక్కించే విద్య అని.

మెరీన్‌ఫోర్డ్‌లో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. నేవీ అధికారి స్మోకర్ తన జిట్టే అనే ఆయుధంతో లూఫీని నేలకి అదిమిపట్టినప్పుడు, లూఫీని ఇష్టపడే హాంకాక్ వచ్చి ఒక్క తన్ను తన్నింది. పొగ మనిషికి ఆ తన్ను నిజంగా తగిలింది, స్మోకరే ఆశ్చర్యపోయాడు. ఏస్‌కి ఆ ఘోరమైన దెబ్బ తగిలిన కాసేపటికే అకైను మీదికి ఏస్ కెప్టెన్ వైట్‌బియర్డ్ మనుషులు మార్కో, విస్టా దూకారు. వాళ్ల దెబ్బ పడగానే అకైను చిరాకుపడి, వీళ్లు హకీ వాడేవాళ్లని గుర్తుపట్టాడు. అదే యుద్ధంలో లూఫీ అడ్మిరళ్ల మీద ఎంత ఊగిపోయినా ఏమీ చేయలేకపోయాడు. ధైర్యం తక్కువై కాదు, హకీతో కొట్టే విద్య అప్పటికి అతని చేతిలో లేదు.

హకీ లేకుండా లోగియాని కొట్టే దారులు కూడా కథలో ఉన్నాయి. ఇసుక తడిస్తే గట్టిపడుతుంది, అందుకే క్రొకొడైల్‌ని లూఫీ నీళ్లతో పట్టుకున్నాడు. లూఫీ ఒళ్లు రబ్బరు, రబ్బరుకి కరెంటు పట్టదు, అందుకే తన మెరుపు లూఫీని ఏమీ చేయలేదని తెలిసిన క్షణంలో ఎనెల్ ముఖం అలా అయిపోయింది. స్మోకర్ జిట్టే కొసన సముద్రశిల ఉంటుంది, అది డెవిల్ ఫ్రూట్ శక్తిని అణిచేస్తుంది. ఎయిచిరో ఓడా 1997లో వీక్లీ షోనెన్ జంప్‌లో ఈ కథ మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి శక్తికి ఒక హద్దు, ప్రతి హద్దుకి ఒక కారణం పెడుతూ వచ్చాడు. అన్నేళ్లుగా పోరాటాలు విసుగు పుట్టించకపోవడానికి నా దృష్టిలో అదే పెద్ద కారణం.

ఇప్పుడు గేమ్‌లోకి వద్దాం. బర్నింగ్ బ్లడ్‌ని తయారు చేసింది జపాన్‌కి చెందిన స్పైక్ చున్‌సాఫ్ట్, విడుదల చేసింది బందాయ్ నామ్కో. జపాన్‌లో 2016 ఏప్రిల్‌లో పీఎస్4కి, పీఎస్ వీటాకి వచ్చింది. ఆ తర్వాత మిగతా దేశాల్లో ఎక్స్‌బాక్స్ వన్‌కి కూడా, అదే ఏడాది పీసీకి వచ్చింది. స్పైక్ చున్‌సాఫ్ట్ దీనికి ముందు 2014లో జే-స్టార్స్ విక్టరీ వీఎస్, దీని తర్వాత 2019లో జంప్ ఫోర్స్ చేసింది. ఆ రెండిట్లో కూడా వన్ పీస్ వాళ్లు ఉన్నారు. జే-స్టార్స్‌లో లూఫీ, ఏస్, హాంకాక్, అకైను నలుగురూ ఆడటానికి దొరుకుతారు. కానీ అక్కడ వాళ్ల పక్కన వేరే కథల హీరోలు గోకు, నరుటో ఉంటారు. లావా మనిషిని గోకు తాకగలడా లేదా అన్న ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు. కాబట్టి అందరినీ ఒకే త్రాసులో వేసి తూచక తప్పలేదు, లోగియా అక్కడ పేరుకే మిగిలింది. బర్నింగ్ బ్లడ్‌లో ఉన్నది ఒక్క లోకం. అందుకే ఆ లోకం నియమాన్ని పూర్తిగా పెట్టగలిగారు. దీని గొప్పతనం అదే, దీని తలనొప్పి కూడా అదే.

ఎలా పెట్టారంటే, దెబ్బని అడ్డుకునే మామూలు గార్డ్ కాకుండా కొందరికి 'ఎబిలిటీ' అని ఇంకో బటన్ ఉంటుంది. లోగియా క్యారెక్టర్లకి అది లోగియా గార్డ్. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపు హకీ లేని దెబ్బలు ఒంట్లోంచి పోతాయి. మీ తమ్ముడు చేస్తున్నది ఇదే. హకీ ఉన్నవాళ్లకి అదే బటన్ దెబ్బకి హకీని ఎక్కిస్తుంది, ఆ దెబ్బ లోగియా గార్డ్‌ని చీల్చుకుని తగులుతుంది. రెండిటికీ ఒక గేజ్ ఉంది, అంటే ఎంత శక్తి మిగిలిందో తెర మీద చూపించే గీత, వాడుతున్నంతసేపు అది కరిగిపోతుంది. కబడ్డీలో కూతకి వచ్చినవాడిని ఆలోచించండి: ఊపిరి ఉన్నంతసేపే వాడు పులి, ఊపిరి అయిపోయే క్షణం కోసం అవతలివాళ్లు కాచుకుని ఉంటారు. లోగియా గార్డ్ కూడా అంతే. మీరు ఇప్పటిదాకా తమ్ముడి కూత మీదికే దూకుతున్నారు.

ఇంకో సంగతి మీరు గమనించి ఉండరు. మీ ఏస్ కూడా లోగియానే! మీ తమ్ముడి చేతిలో ఉన్న ఆయుధమే మీ చేతిలో కూడా ఉంది. మీ వివరణ చదివితే దాన్ని మీరు అసలు వాడుతున్నట్టు లేదు, దూరం నుంచి నిప్పులు విసరడం, దగ్గరికెళ్లి కాంబో, అంటే వరస దెబ్బలు, కొట్టడం, అంతే. ఏస్‌ని ఇష్టపడేవాళ్లు ఎక్కువమంది అలాగే ఆడతారు, ఎందుకంటే ఆ నిప్పు మూవ్‌లు చూడటానికి అంత బాగుంటాయి. కానీ ఏస్ బలం మధ్యదూరంలో ఉంది. అవతలివాడు దూకేదాకా ఆగి, దూకినప్పుడు లోగియా గార్డ్‌తో ఆ దెబ్బని పోనిచ్చి, వాడు ఖాళీగా నిలబడ్డ ఆ అరక్షణంలో కొట్టాలి.

ఒక పని చేయండి, ఒక సాయంత్రం చాలు. తమ్ముడిని అకైనుతో లోగియా గార్డ్ పట్టుకుని కదలకుండా నిలబడమనండి. గెలుపోటముల మాట లేదని ముందే చెప్పండి, లేకపోతే ఒప్పుకోడు. మీ టీమ్‌లో ఒక్కొక్కరి మూవ్‌లన్నీ వరసగా కొట్టి, ఏవి తగిలాయో కాగితం మీద రాసుకోండి. తర్వాత తారుమారు చేయండి: మీరు ఏస్‌తో గార్డ్ పట్టుకోండి, తమ్ముడు అకైను మూవ్‌లన్నీ కొట్టాలి. మీ గార్డ్ దేనికి ఆగుతుందో, దేనికి ఆగదో తెలిసిపోతుంది. ఇంటర్నెట్‌లో వీడియోలు వంద చూసినా ఈ కాగితానికి సాటిరావు, ఎందుకంటే ఇందులో ఉన్నది మీరు ఆడే టీమ్, మీ తమ్ముడు ఆడే టీమ్.

ఆ కాగితం చేతికి వచ్చాక టీమ్ ఎంచుకోండి. ఇది ముగ్గురి ఆట. ముగ్గురిలో కనీసం ఒకరు హకీతో కొట్టగలిగేవాళ్లు ఉండి తీరాలి. ఏస్‌ని వదలమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు, వినాల్సిన అవసరం కూడా లేదు. ఏస్ పక్కన హాంకాక్‌ని పెట్టుకోండి, లేదా వైట్‌బియర్డ్‌ని పెట్టుకోండి. వైట్‌బియర్డ్ కదలిక నెమ్మది, కానీ ఆయన ఒక దెబ్బ అవతలివాళ్ల మూడు దెబ్బల పెట్టు. బటన్లు గబగబా నొక్కే అలవాటు పోవాలంటే ఆయనతో ఆడటం కన్నా మంచి మందు లేదు. ఆయనతో తొందరపడితే ఓడిపోతారు, ఆగి చూసి కొడితే గెలుస్తారు.

టీమ్‌మేట్‌ని వాడుకోవడం కూడా నేర్చుకోండి. గేమ్ దీన్ని 'యూనిటీ' అంటుంది. మీరు ఆడుతుండగానే పక్కనున్నవాళ్లని ఒక దెబ్బకి పిలవచ్చు, కాంబో మధ్యలో మనిషిని మార్చేయొచ్చు. తమ్ముడు అకైనుతో లోగియా గార్డ్ పట్టుకున్నప్పుడు మీరు ఏస్‌తో దగ్గరికెళ్లి కొట్టబోయినట్టు నటించండి. వాడు గేజ్ ఖర్చు పెడతాడు. మీరు కొట్టకండి. గేజ్ కరిగాక, లేదా వాడు విసుగొచ్చి గార్డ్ వదిలాక, హాంకాక్‌కి మారి లోపలికెళ్లండి. ఇలా ఒకటికి రెండుసార్లు జరిగితే చాలు, మీ తమ్ముడు గార్డ్ పట్టడానికే సందేహిస్తాడు. ఆ సందేహం మీకు ఏ కాంబో కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మామూలు గార్డ్ విషయం త్వరగా చెప్పేస్తాను. గార్డ్ పట్టుకుని కూర్చున్నవాడికి గార్డ్ బ్రేక్ చేసే బరువైన దెబ్బ ఉంది. బరువైన దెబ్బ మొదలవడానికి టైమ్ పడుతుంది కాబట్టి వాడు పక్కకి తప్పుకోగలడు, లేదా ముందే చిన్న దెబ్బతో ఆపగలడు. చిన్న దెబ్బలే కొట్టేవాడికి గార్డ్ చాలు. మీరు ఒకే పని చేస్తూ పోతే దానికి విరుగుడు ఎప్పుడూ ఉంటుంది. ఎదురుగా నేరుగా పరిగెత్తడం మాత్రం మానేయండి, ముఖ్యంగా దూరం నుంచి విసిరే క్యారెక్టర్ల మీదికి. పక్కకి జరుగుతూ దగ్గరవ్వాలి.

కొట్టినా, తిన్నా నిండే ఇంకో గేజ్ ఉంది. అది నిండితే 'అవేకెనింగ్'లోకి వెళ్లొచ్చు, అక్కడి నుంచి 'అల్టిమేట్ బర్స్ట్' కొట్టొచ్చు. కొత్తవాళ్లు గేజ్ నిండగానే ఆ పెద్ద దెబ్బ కొట్టేస్తారు, అవతలివాడు తప్పుకుంటాడు, అంతా వృథా. అవేకెనింగ్ కొంతసేపే ఉంటుంది, కానీ ఆ కాసేపట్లో మామూలు దెబ్బలకి కూడా బలం వస్తుంది. చాలాసార్లు ఆ బలంతో ఒత్తిడి పెట్టడమే లాభం. పెద్ద దెబ్బని కాంబో చివర్లో, వాడు తప్పుకోలేని చోట దాచుకోండి.

అకైనుని బ్యాన్ చేద్దామని తమ్ముడితో ఒప్పందం పెట్టుకోవాలని కూడా రాశారు. వద్దండి. దానికి బదులు మీరే కొన్నాళ్లు అకైనుతో ఆడండి. మీ మనసు ఒప్పుకోదని తెలుసు, ఏస్‌కి అతను చేసింది చూశాక అతని బొమ్మ మీద కర్సర్ పెట్టడానికే చేయి రాదు. అయినా ఆడండి. లోగియా గార్డ్ పట్టుకున్నప్పుడు లోపల ఎంత టెన్షన్ ఉంటుందో, గేజ్ ఎంత త్వరగా అయిపోతుందో, అవతలివాడు కొట్టకుండా ఊరికే నిలబడితే ఎంత ఇబ్బందో మీకే తెలుస్తుంది. మళ్లీ ఏస్‌కి వచ్చేసరికి మీ కళ్లు మారిపోయి ఉంటాయి.

ఇక మీ రెండో ప్రశ్న, గేమ్‌లో లోపం ఉందా అని. ఉంది. అందరికీ సమాన బలం ఇచ్చిన గేమ్ కాదు ఇది. హకీ లేని క్యారెక్టర్‌ని ఇష్టపడేవాళ్లకి ఇక్కడ కొంత అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే లోగియా ఎదురైతే వాళ్లు గేజ్ అయ్యేదాకా ఆగాలి, లేదా పక్కవాళ్ల మీద ఆధారపడాలి. కెమెరా అప్పుడప్పుడు మీకే ఎదురు తిరుగుతుంది. కథ మోడ్ అంతా మెరీన్‌ఫోర్డ్ యుద్ధం ఒక్కటే. అంతకుముందు కథలు అలబాస్టా లేదు, ఎనీస్ లాబీ లేదు. అదే యుద్ధాన్ని లూఫీ, వైట్‌బియర్డ్, అకైను, ఏస్ నలుగురి వైపు నుంచి చూపిస్తారు. ఇది చాలామందికి నచ్చలేదు. నాకు నచ్చింది. ఒకే యుద్ధాన్ని తండ్రి వైపు నుంచి, తమ్ముడి వైపు నుంచి, చంపినవాడి వైపు నుంచి, చనిపోయినవాడి వైపు నుంచి ఆడటం వేరే అనుభవం. అకైను భాగం ఆడుతున్నప్పుడు అతని మీద కోపం తగ్గదు, కానీ అతను తన న్యాయాన్ని ఎంత నిజంగా నమ్ముతున్నాడో అర్థమవుతుంది. మీరు ఆ ఎపిసోడ్లు ఇప్పుడే చూశారు కాబట్టి ఈ మోడ్‌కి మీకన్నా సరైన మనిషి ఉండరు. తమ్ముడితో వెర్సస్ (ఎదురెదురు పోటీ) కాస్త పక్కన పెట్టి ముందు ఇది పూర్తి చేయండి. కథ ముందుకెళ్లేకొద్దీ కొత్త క్యారెక్టర్లు తెరుచుకుంటారు, సంపాదించిన బెర్రీలతో (గేమ్‌లోని డబ్బుతో) వాళ్లని కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెరీన్‌ఫోర్డ్ దాకానే చూశారు కాబట్టి చెప్తున్నాను, ఈ గేమ్ క్యారెక్టర్ల తెర మీద ముందు ముందు రాబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఒక ముఖం చూస్తే కథలోని ఒక పెద్ద ఆశ్చర్యం ముందే తెలిసిపోతుంది. ఎవరో నేను చెప్పను. ఈపాటికి చూసేసి ఉంటే కూడా ఆ పేరుని నెట్‌లో వెతక్కండి. డ్రెస్‌రోసా కథ దాకా వెళ్లాక మీరే అర్థం చేసుకుంటారు.

పైరేట్ వారియర్స్ 4 మంచి గేమే. 2020లో వచ్చింది, డైనస్టీ వారియర్స్ చేసే ఒమేగా ఫోర్స్ దాన్ని తయారు చేసింది. కానీ అది ఒంటరిగా వందలమంది సైనికుల్ని ఊడ్చేసుకుంటూ పోయే గేమ్. లూఫీతో ఒక మైదానం మొత్తం ఖాళీ చేయడం సరదాగా ఉంటుంది, ఆఫీసు నుంచో కాలేజీ నుంచో వచ్చి బుర్ర పెట్టకుండా ఆడుకోవచ్చు. తమ్ముడి కళ్లు చూస్తూ వాడు తర్వాత ఏం చేస్తాడో ఊహించే ఆట మాత్రం అందులో దొరకదు. మీ ప్రశ్న అంతా తమ్ముడిని ఓడించడం గురించే కాబట్టి అది మీకు కావాల్సింది కాదు. తక్కువ ధరకి దొరికితే అది కూడా కొనుక్కోండి, దీని బదులు మాత్రం వద్దు.

పాత వన్ పీస్ ఫైటింగ్ గేమ్‌ల గురించి ఒక లైన్‌లో అడిగారు. ఫుకువోకాలోని గాన్‌బారియన్ అనే సంస్థ 2001లో పీఎస్1కి గ్రాండ్ బ్యాటిల్ చేసింది, ఆ తర్వాత అదే పేరుతో పీఎస్2, గేమ్‌క్యూబ్‌ల దాకా వచ్చింది. నింటెండో డీఎస్‌కి 2010లో గిగాంట్ బ్యాటిల్ చేసింది. గ్రాండ్ బ్యాటిల్ గేమ్‌లు చిన్న చిన్న బొమ్మల్లాంటి క్యారెక్టర్లతో, తెర మీద పడే వస్తువులు ఏరుకుంటూ కొట్టుకునే తేలికైన ఆటలు. చిన్నపిల్లలతో ఆడటానికి ఇప్పటికీ బాగుంటాయి. మన దగ్గర ఆ డిస్క్‌లు, ఆ కన్సోల్‌లు వెతకడమే పెద్ద పని కాబట్టి దాని వెంట పడమని చెప్పను.

నాకొక బాధ ఉంది, అది కూడా చెప్పేస్తాను. డ్రాగన్ బాల్‌కి 2018లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ ఫైటర్‌జెడ్ చేసింది. అదీ ముగ్గురి టీమ్ ఆటే. పెద్ద టోర్నమెంట్‌లు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి, ఆ ఏడాది ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్‌ల పోటీలో అది ముఖ్యమైన గేమ్‌లలో ఒకటి. ఒక్కో కదలికలో ఒరిజినల్ బొమ్మ గీతలే కనిపించేంత ప్రేమతో చేశారు. వన్ పీస్‌కి అలాంటి గేమ్ ఇంకా రాలేదు. లోగియా, హకీ లాంటి నియమాన్ని అంత నైపుణ్యం ఉన్నవాళ్లు తీసుకుని, హకీ లేనివాళ్లకి కూడా ఒక తెలివైన దారి చూపిస్తూ బ్యాలెన్స్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. ఊసోప్ లాంటివాడు తన గురితో, తన అబద్ధాలతో అడ్మిరల్‌ని ముప్పుతిప్పలు పెట్టే గేమ్ రావాలి. ఆ దిశలో మొదటి గట్టి అడుగు వేసింది బర్నింగ్ బ్లడ్ కాబట్టే దానిలో లోపాలు తెలిసి కూడా నేను దాన్ని అందరికీ ఆడమని చెప్తాను.

కొనడం, పెట్టుకోవడం గురించి కొన్ని మాటలు. డిస్క్ మీద కొన్నారో, స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నారో రాయలేదు. డిస్క్ అయితే జాగ్రత్తగా దాచుకోండి. మాంగా హక్కుల మీద నడిచే గేమ్‌లు ఎప్పుడైనా అమ్మకం నుంచి పోవచ్చు. జంప్ ఫోర్స్‌ని 2022 ఫిబ్రవరిలో డిజిటల్ స్టోర్ల నుంచి తీసేశారు, అదే ఏడాది ఆగస్టులో దాని ఆన్‌లైన్ సర్వర్లు కూడా ఆపేశారు. విడుదలై మూడేళ్లు గడిచీ గడవకముందే! డిస్క్ ఉన్నవాళ్లు ఇంట్లో ఇంకా ఆడుకుంటున్నారు. మీరు ముందు ముందు పీఎస్5కి మారితే ఈ పీఎస్4 డిస్క్ అందులో కూడా నడుస్తుంది, కాకపోతే డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయ్యుండాలి. డ్రైవ్ లేనిది చవగ్గా ఉందని కొంటే డిస్క్‌లన్నీ అలంకారానికే మిగులుతాయి.

ఆన్‌లైన్‌లో ఆడదామని మాత్రం దీన్ని ఎవరూ కొనకండి. ఇన్నేళ్ల గేమ్‌లో మన టైమ్‌కి, మన దూరానికి సరిపడే ప్రత్యర్థి దొరకడం కష్టం, దొరికినా లాగ్‌లో, అంటే నెట్ ఆలస్యంలో, లోగియా గార్డ్ టైమింగ్ అంతా పాడవుతుంది. పక్కన కూర్చున్న మనిషితో ఆడే గేమ్ ఇది, మీకు తమ్ముడు ఉన్నాడు, ఇంకేం కావాలి.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారా? చేయకపోతే ఈ పని అన్నిటికన్నా ముందు చేయండి. చాలా టీవీలు బొమ్మని అందంగా చూపించడం కోసం లోపల దాన్ని సవరిస్తాయి, దానికి పట్టే టైమ్ వల్ల మీరు బటన్ నొక్కిన తర్వాత తెర మీద కదలిక కనిపించడానికి ఆలస్యం అవుతుంది. అవతలివాడు దూకడం చూసి గార్డ్ పట్టాల్సిన గేమ్‌లో ఆ ఆలస్యమే మిమ్మల్ని ఓడిస్తుంది. సినిమాలకి పెట్టుకున్న సెట్టింగ్‌తో ఫైటింగ్ గేమ్ ఆడకూడదు. కంట్రోలర్ పాతదైతే బటన్లు సరిగా పడుతున్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోండి. మంచి కంట్రోలర్ ఎప్పుడూ తమ్ముడి చేతికే వెళ్తుంటే అది వేరే గొడవ.

చివరిగా మీరు రాసిన ఒక మాట గురించి. 'ఏస్‌తో అకైనుని ఒక్కసారైనా ఓడించాలని ఉంది, ఇంకేమీ వద్దు' అన్నారు. కథలో నిప్పు కన్నా లావా పైదని అకైను తేల్చి చెప్పాడు, జరిగింది కూడా అదే. వెర్సస్‌లో ఆ మాట చెల్లదు. అక్కడ ఏస్ గెలవొచ్చు, గెలిపించాల్సింది మీరు. మీకు కావాల్సింది మంచి దూరం, తమ్ముడి గేజ్ మీద ఒక కన్ను, దూకకుండా ఆగే ఓపిక. వాడు గార్డ్ వదిలే క్షణం వస్తుంది, ప్రతి రౌండ్‌లో వస్తుంది.

తమ్ముడి టీమ్‌లో అకైను కాకుండా మిగతా ఇద్దరు ఎవరో, పైన చెప్పిన కాగితంలో మీకు ఏ మూవ్‌లు తేలాయో ఇక్కడే రాయండి. అది చూసి ఏస్ పక్కన ఎవరిని పెడితే నప్పుతుందో, ఎవరిని ముందు దింపాలో చెప్తాను.